మెట్ల కింద పూజగది

దయ్యాలన్నా, గాలీ ధూళీ అన్నా నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా నాన్న తెనాలిలో ఫిజిక్స్ లెక్చరర్. ఇంట్లో ఎవరైనా దిష్టి తీస్తుంటే నవ్వు ఆపుకోవడానికి ఆయన పక్కకు వెళ్ళి దగ్గేవారు. ఆ దగ్గు నాకూ అబ్బింది. హాస్టల్లో అమ్మాయిలంతా పై అంతస్తు బాత్రూమ్‌కి జట్టుగా వెళ్తుంటే నేను ఒక్కదాన్నే వెళ్ళొచ్చేదాన్ని. దేవుడికి దీపం పెడతాను, అది వేరే సంగతి. అందులో నమ్మకం కొంత, అలవాటు కొంత.

ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ కూడా కాదు. ఇందులో చనిపోయినవాళ్ళెవరూ లేరు. నేను విన్నది బతికున్న మనిషి గొంతు. ఆ మనిషి ఇప్పటికీ టెక్సస్‌లో, లేక్ పక్కన, సొంతింట్లో ఉంది. ఇది చదివి మీరు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మీ చోట నేనుంటే ముందు నేనే నవ్వేదాన్ని.

ఆమె పేరు వసుధ. నేను వసుధక్కా అని పిలిచేదాన్ని. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఆమె భర్త మురళి గారూ మా ఆయన కిరణూ ఒకే కంపెనీలో, ఒకే టీమ్‌లో చేసేవారు. మేము మొదట జెర్సీ సిటీలో ఒకే టవర్‌లో ఉండేవాళ్ళం. నా కాన్పుకి మా అమ్మకు వీసా రాలేదు. అప్పుడు నాకు పత్యం వండి పెట్టింది వసుధక్క. కరీంనగర్ మనిషి. మాట మోటు, చెయ్యి మెత్తన. మా సాహితికి మొదటి స్నానం చేయించింది ఆ చేతులే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆమె నాకేమవుతుందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

తర్వాత కంపెనీ డల్లాస్ వైపు ఆఫీసు తెరిచింది. మురళి గారు ముందు వెళ్ళారు. కొన్నేళ్ళకి మా ఆయన్నీ అక్కడికి రప్పించుకున్నారు. ఫ్రిస్కో దాటి ఇంకా పైకి వెళ్తే లేక్ ఒడ్డున ఒక చిన్న ఊరు. పేరుకి సిటీ. లేక్ అంటారు గానీ అది డ్యామ్ కట్టి నిలబెట్టిన నీళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మునిగిపోయిన చెట్ల మోళ్ళు బయటికొస్తాయి. ఆ పక్కనే వరసగా ఒకే రంగు ఇటుకల ఇళ్ళు. గడ్డి కాస్త పెరిగితే చాలు, తలుపుకి నోటీసు అంటిస్తారు. గాలి మాత్రం ఆగదు. సాయంత్రమైతే మనవాళ్ళంతా స్ట్రోలర్లు తోసుకుంటూ ఒడ్డు వెంట నడుస్తూ కనిపిస్తారు.

వసుధక్క వాళ్ళు ఆ ఊళ్ళో అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి లేక్ మీది బ్రిడ్జి అవతల సొంతిల్లు కొనుక్కున్నారు. ఆ అద్దె ఇల్లే మాకిప్పించారు. ఓనర్ కాలిఫోర్నియాలో ఉంటాడు. మురళి గారి మాట మీద మమ్మల్ని చూడకుండానే ఇచ్చాడు. తాళంచెవి వసుధక్కే తెచ్చిచ్చింది. పాలు పొంగించడానికి గిన్నె కూడా ఆమే తెచ్చింది.

కింద హాల్లో, మెట్ల కింద ఒక క్లాజెట్ ఉంది. అమెరికావాళ్ళు వాక్యూమ్ క్లీనరూ చీపుర్లూ పెట్టుకునే చోటు. మన ఆడవాళ్ళకి అద్దె ఇంట్లో కాలు పెట్టగానే కళ్ళు వెతికేది దాన్నే. దాన్ని పూజగది చేసుకుంటాం. తల వంచి లోపలికి వెళ్ళాలి, ఒక మనిషి కూర్చుంటే ఇక చోటుండదు. వసుధక్క అక్కడే పూజ చేసుకునేది. గోడ మీద పసుపు మరకలున్నాయి, కార్పెట్ మీద నూనె చుక్కలున్నాయి. దేవుడి అలమర వేరేచోట పెట్టుకుంటానని నేను అంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఈడనే పెట్టుకోవే సుమా. ఇన్నేండ్లు దీపం పెట్టిన జాగ. నేను నర్సింహసామితోని ఏం మాట్లాడినా ఇంటడు ఈడ."

వసుధక్క పూజ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆమెకి స్తోత్రాలు పెద్దగా రావు. దీపం వెలిగించి గంట కొట్టి, ఇక దేవుడితో ముచ్చట పెట్టేది. పైకే, మామూలు గొంతుతో, ఫోన్‌లో ఆడపడుచుతో మాట్లాడినట్టు. అమ్మాయి మాట వినట్లేదని, మోకాలు నొప్పని, మొన్న ఫలానా ఆమె అలా అన్నదని. జెర్సీలో ఉన్నప్పుడు నేను ఆమె ఇంటి సోఫాలో కూర్చుని అది విని పడీ పడీ నవ్వేదాన్ని. ఆమె బయటికొచ్చి నన్ను ఒక్కటి వేసేది.

ఇంట్లో దిగిన కొత్తలో ఏమీ లేదు. నాకు ఉద్యోగం చేసే పర్మిట్ రాలేదు. పొద్దున్నే సాహితిని స్కూల్ బస్సు ఎక్కించి, కిరణ్ ఆఫీసుకి వెళ్ళాక, స్నానం చేసి క్లాజెట్‌లో దీపం పెట్టుకునేదాన్ని. స్మోక్ అలారం మోగుతుందని తలుపు సగం తీసి ఉంచేదాన్ని. ఒకరోజు అలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. వసుధక్క గొంతు వినిపించింది.

ఆమె వచ్చిందనే అనుకున్నాను. ఆమె దగ్గర గరాజ్ కోడ్ ఉంది, అప్పుడప్పుడు అలా వచ్చేస్తుంటుంది కూడా. "వస్తున్నానక్కా" అంటూ లేచాను. హాల్లో ఎవరూ లేరు. గరాజ్ మూసి ఉంది. బయట రోడ్డు మీద చెత్త బండి తప్ప ఇంకేం లేదు. తిరిగి క్లాజెట్‌లోకి తల పెడితే గొంతు అలాగే వస్తోంది. పక్కగదిలోంచి కాదు, గోడ అవతలి నుంచి కాదు. నా పక్కనే కూర్చుని మాట్లాడినంత దగ్గరగా. పిల్ల మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్‌లో ఫెయిలైందని, నలుగురిలో చెప్పుకోలేకపోతున్నానని అంటోంది. తర్వాత గంట మోగింది. ఆ గంట నాకు తెలుసు. దాని నాలుక కొంచెం వదులు, రెండుసార్లు కొట్టినట్టు మోగుతుంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఏదో స్పీకర్ వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ కలిసిపోయిందనుకున్నాను. మాట్లాడే స్పీకర్ డబ్బా ప్లగ్ పీకేశాను. ఫోన్ మేడ మీద పడకగదిలో ఉంది. టీవీ ఆపే ఉంది. సాహితి చిన్నప్పటి బేబీ మానిటర్ అట్టపెట్టెలో ఉంది, దానికి బ్యాటరీలు కూడా లేవు. గోడకి చెవి ఆనించి చూశాను. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు.

అప్పుడే వసుధక్కకి ఫోన్ చేశాను. మామూలుగానే ఎత్తింది. ఏం చేస్తున్నావంటే, ఇప్పుడే పూజ అయింది, ఛాయ్ పెట్టుకుంటున్న అంది. నవ్య టెస్ట్ ఏమైందని అడిగాను. వాయిదా పడిందే, వచ్చే వారం ఇస్తరట అంది.

నవ్య ఆమె కూతురు, హైస్కూల్ పిల్ల. ఆ శనివారం లేక్ పార్కులో అందరం కలిశాం. మగవాళ్ళు మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. నేను నవ్య పక్కన కూర్చుని, టెస్ట్ వాయిదా పడిందట కదా అన్నాను. ఆ పిల్ల కళ్ళు తిప్పింది.

"వాయిదా లేదు ఆంటీ. నేను ఫెయిల్ అయ్యా. పారలల్ పార్కింగ్. అమ్మకి చెప్పకండి నేను చెప్పా అని. షీ ఈజ్ సో ఎంబరాస్డ్."

నా చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. అవతల వసుధక్క ఎవరితోనో నవ్వుతూ సర్వపిండి పంచుతోంది. ఒళ్ళంతా చల్లబడటం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే. అంత ఎండలో.

ఆ తర్వాత అది రోజూ వినిపించలేదు. కొన్నిసార్లు వారం పాటు ఏమీ ఉండేది కాదు. వినిపించినప్పుడు మాత్రం అది ఆమె పూజ చేసే వేళే, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడే. ఫోన్‌లో రికార్డ్ చేశాను. తర్వాత వింటే నా ఊపిరి తప్ప ఏమీ లేదు. ఒక సెలవు రోజు కిరణ్‌ని బలవంతంగా లోపల కూర్చోబెట్టాను. ఆయన కాసేపు కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కాయని బయటికొచ్చి, ఇక్కడ ఒక ఫ్యాన్ పెట్టించాలి అన్నారు.

వినకూడదని నాకు తెలుసు. ఒకరి పూజ వినడమంటే ఒకరి స్నానాలగదిలోకి తొంగి చూసినట్టే. అయినా వినకుండా ఎలా? దీపం పెట్టుకోవాల్సింది అక్కడే. పైగా ఆమె మాటల్లో మేమూ ఉండేవాళ్ళం. సాహితికి దగ్గు పట్టినప్పుడు ఒక పొద్దున, "సుమ బిడ్డకు దగ్గు తగ్గాలె సామీ, పాపం అది ఒక్కతే ఆగమైతుంది" అంది. నేను ఆ క్లాజెట్‌లో కూర్చుని ఏడ్చేశాను. నా ముందు అనడం వేరు. నేను లేననుకున్నచోట కూడా నా పిల్ల కోసం అడిగేవాళ్ళు మా అమ్మ తప్ప ఇంకొకరున్నారు కదా అనిపించింది. ఇది ఏమిటో ఎందుకో తెలియదు గానీ, ఏదో మంచికే నాకు వినిపిస్తోందనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

శీతాకాలం వచ్చింది. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తారని పుకారు మొదలైంది. మనవాళ్ళ ఇళ్ళలో ఆ మాటకి ఉండే అర్థం వేరు. మేము హెచ్ వన్ వీసా మీద ఉన్నాం. ఉద్యోగం పోతే, గ్రేస్ పీరియడ్ అని ఇచ్చే అరవై రోజుల్లోగా ఇంకోటి దొరక్కపోతే, దేశం విడిచి వెళ్ళాలి. పిల్ల స్కూలు, కారు, ఇల్లు, అన్నీ వదిలేసి. మురళి గారి పరిస్థితీ అదే. పైగా వాళ్ళది సొంతిల్లు. నవ్య కాలేజీకి వెళ్ళాల్సిన ఏడాది.

కిరణ్ మాత్రం నిశ్చింతగా ఉన్నారు. టీమ్‌లో ఎవరు ఉండాలో ఎవరు పోవాలో పైవాళ్ళు మురళి గారినే అడుగుతారు, ఆయన లీడ్. మురళి ఉండగా నాకేం భయం అనేవారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున దీపం పెట్టి కూర్చున్నాను. బయట గాలి ఇంటిని ఊపేస్తోంది. గంట వినిపించింది, రెండుసార్లు కొట్టినట్టు.  వసుధక్క ఏడుస్తోందని కాసేపటికి తెలిసింది. ముక్కు చీదుకుంది. తర్వాత ఈ మాటలన్నది. అవి నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"కిరణ్ పేరు చెప్పిండు సామీ మా ఆయన. ఆయన చెప్పనన్నడు, నేనే చెప్పమన్న. ఎవర్నో ఒకర్ని ఇయ్యకపోతే మమ్మల్నే తీస్తరట. సుమ మొకం సూస్తే నాకు అన్నం పోతలేదు. కానీ నా పిల్ల ఆగం కావద్దు. ఈ పాపం మాకు తగలనియ్యకు తండ్రీ."

నేను కదల్లేదు. దీపం కొండెక్కేదాకా అలాగే కూర్చున్నాను. మొదట నాకు వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తే నవ్వుతారు. నేను తప్పు విన్నాను, ఈ ఒక్కసారి మాత్రం ఇది నా భ్రమే అనుకున్నాను. నవ్య సంగతి నిజమైంది, దగ్గు సంగతి నిజమే అనుకుని ఏడ్చాను. ఇది మాత్రం భ్రమ కావాలి.

ఆ మధ్యాహ్నం కారు తీసి బ్రిడ్జి దాటి ఆమె ఇంటికి వెళ్ళాను. ఏమీ అడగలేదు. ముఖం చూద్దామని వెళ్ళాను. ఆమె తలుపు తీసి, "ఏందే, చెప్పకుండ వచ్చినవ్, రా రా" అని లోపలికి లాక్కెళ్ళింది. ఛాయ్ పెట్టింది. నా జుట్టు ఊడిపోతోందని తిట్టి, వెనక కూర్చుని నూనె రాసింది. ఆ వేళ్ళు నా తలలో తిరుగుతుంటే, ఈ మనిషి అలా చేయదు, ఈ మనిషిని అనుమానించిన నా నోట్లో మన్ను పడ అనుకున్నాను. ఆమె నా వెనక కూర్చుంది కాబట్టి నాకు ముఖం కనిపించలేదు. ఆ సంగతి ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

కిరణ్‌కి చెప్పాను. అన్నీ చెప్పాను, మొదటి రోజు నుంచీ. ఇప్పుడే వేరే ఉద్యోగాలు వెతకమని, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేయమని బతిమాలాను. ముందు తెలిస్తే ఎంత టైమ్ దొరుకుతుంది! ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

"ఇంట్లో ఒక్కదానివే ఉండి బుర్ర పాడు చేసుకుంటున్నావు సుమా. మురళి నా పేరు చెప్పడమేంటి? నన్ను ఇక్కడికి తెచ్చిందే ఆయన."

నా పోరు పడలేక మురళి గారికి ఫోన్ చేశారు. క్లాజెట్ సంగతి ఎత్తలేదు, సిగ్గేసి ఉంటుంది. ఊరికే, మన టీమ్‌లో ఎలా ఉందన్నా అని అడిగారు. స్పీకర్‌లో పెట్టారు, నేను వినాలని.

"నేనున్న గద తమ్మీ. నిన్ను ముట్టుకోవాల్నంటే ముందు నన్ను దాటాలె. ఫికర్ చెయ్యకు, మంచిగ పండుకో."

కిరణ్ ఫోన్ పెట్టేసి నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. జాలి. కట్టుకున్న భర్తే నన్ను పిచ్చిదానివైపు చూసినట్టు చూశారు. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. ఆయన ఒక్క చోటికి కూడా రెజ్యూమె పంపలేదు. నేను మాత్రం పొద్దున దీపం పెట్టినప్పుడల్లా చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మోకాలు నొప్పి, నవ్య కాలేజీ అప్లికేషన్లు. మా పేరు కూడా ఎత్తలేదు. సాహితి పేరు కూడా. అది నేను గమనించాను.

ఒక పొద్దున కిరణ్ ఇంటి నుంచి పని చేస్తుండగా లాప్‌టాప్ దానంతట అదే లాక్ అయింది. కాసేపటికి ఫోన్ వచ్చింది. హెచ్ఆర్ ఆవిడ కాగితం చూసి చదువుతోందని ఆ గొంతులోనే తెలుస్తోంది. అయ్యాక ఆయన మురళి గారికి చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. మీటింగ్‌ల ఉన్న, తర్వాత చేస్త అని మెసేజ్ వచ్చింది. కిరణ్ ఆ మెసేజ్ వైపు చాలాసేపు చూశారు. తర్వాత నావైపు చూశారు. ఈసారి జాలి లేదు. నాకేమీ సంతోషం కలగలేదు.

సాయంత్రం ఇంకా వెలుతురుండగానే వసుధక్క వచ్చింది, చేతిలో పులిహోర గిన్నెతో. గుమ్మంలోనే నన్ను కావలించుకుని బావురుమంది.

"అయ్యో సుమా, గిట్లయితదని కలల గూడ అనుకోలేదే. మా ఆయనకు గూడ పొద్దుగాలనే తెలిసిందట. ఏం చెయ్యాల్నో సమజ్ అయితలేదు."

ఏడుపు నిజమే. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నా భుజం తడిసిపోయింది. నా పత్యం వండిన మనిషి, నా పిల్లకి నీళ్ళు పోసిన మనిషి, నన్ను పట్టుకుని నిజంగా ఏడుస్తూ నిజంగా అబద్ధం ఆడుతోంది.  ఆమెని మెల్లగా విడిపించుకున్నాను. గిన్నె తీసుకుని వంటగది గట్టు మీద పెట్టాను. ఎందుకో మూత సరిచేశాను. ఆ తర్వాత ఆమెవైపు తిరిగి, నేను విన్న మాటలన్నీ ఆమెకే అప్పజెప్పాను. ఆమె యాసలోనే. ఆయన చెప్పనన్నడు, నేనే చెప్పమన్న. సుమ మొకం సూస్తే నాకు అన్నం పోతలేదు. ఈ పాపం మాకు తగలనియ్యకు తండ్రీ.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ వీపు పట్టుకుంది.

"ఎవరు చెప్పిన్రు నీకు? మా ఆయన చెప్పిండా?"

లేదన్నాను.

"మరి ఎవరు? నేను నోరు తెరిచి ఎవరికీ చెప్పలే. నా కన్నతల్లికి చెప్పలే. దేవుని దగ్గర తప్ప..."

అక్కడ ఆగిపోయింది. నేను మెట్ల కింద తలుపువైపు చూపించాను. పొద్దున నువ్వు పూజ చేసే వేళ ఇక్కడ కూర్చుంటే నీ మాటలు వినిపిస్తాయి అని అన్నాను. నవ్య టెస్ట్ గురించీ చెప్పాను, సాహితి దగ్గు గురించీ చెప్పాను. తిడుతుందేమో, నవ్వుతుందేమో, బుకాయిస్తుందేమో అనుకున్నాను. ఏదీ చేయలేదు. నన్ను దాటుకుని వెళ్ళి ఆ క్లాజెట్ తలుపు పూర్తిగా తీసింది. తల వంచి లోపలికి చూసింది. నా పటాల్లో నర్సింహస్వామి పటం కూడా ఉంది. ఆమె జెర్సీ వదిలి వెళ్ళేటప్పుడు నాకిచ్చిందే.

నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆ పటంతో అంది.

"నీకొక్కనికే చెప్పుకున్న గద సామీ. నీకొక్కనికే చెప్పుకున్న."

ఆ గొంతులో ఏముందో చెప్పనా? నమ్మినవాళ్ళు మోసం చేస్తే ఎలా ఉంటుందో అది ఉంది. నా నోట్లోంచి రావాల్సిన గొంతు అది. నా ఇంట్లో నిలబడి, నా సంసారం నడిరోడ్డున పడేసి, తనకి అన్యాయం జరిగిందన్నట్టు దేవుడి పటాన్ని నిలదీసింది. నాకు క్షమాపణ చెప్పాలని ఆమెకు తట్టనే లేదు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి కారెక్కింది. తర్వాత కిరణ్ వాటిని తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశారు.

గ్రేస్ పీరియడ్ అయిపోవస్తుండగా, కాలేజీ రోజుల నాటి స్నేహితుడొకడు కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో తన కంపెనీలో కిరణ్‌కి చోటు చూపించాడు. ఆ రోజులు ఎలా గడిచాయో రాయలేను. సాహితి తన బొమ్మల్లో ఏవి సూట్‌కేసులో పడతాయో అడిగేది. కొలిచి చూపించేది. ముందు నేను చెప్పినప్పుడే నమ్మి ఉంటే ఇంత ఉండేది కాదని కిరణ్‌తో నేను ఒక్కసారీ అనలేదు. అనాలని చాలాసార్లు అనిపించింది, అన్నం పెట్టేటప్పుడు ముఖ్యంగా.

వసుధక్క వచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం తర్వాత ఆ ఇంట్లో నాకేమీ వినిపించలేదు. ఖాళీ చేసే రోజు కూడా కావాలనే క్లాజెట్‌లో చాలాసేపు కూర్చున్నాను. గంట లేదు, గొంతు లేదు. ఏసీ హోరు. గోడ మీద ఆమె పసుపు, దాని మీద నా పసుపు. రెండూ తుడిస్తే పోలేదు. పెయింట్ వేయించి తాళంచెవి గుమ్మం దగ్గరి కోడ్ పెట్టెలో పెట్టి వచ్చేశాం.

కాలిఫోర్నియాలో మాకు దొరికింది అపార్ట్‌మెంట్. ఇక్కడ వంటగది అలమరలో ఒక అరలో దేవుడిని పెట్టుకున్నాను. నాన్నకి ఈ సంగతి ఫోన్‌లో చెప్తే దగ్గలేదు. ఆ ఇంటి ఏసీ గొట్టాలు ఎటు నుంచి ఎటు పోయాయమ్మా అని అడిగారు. బ్రిడ్జి అవతలి దాకా పోవు నాన్నా అన్నాను. నాకు తెలిసినవాళ్ళు రకరకాలుగా చెప్పారు. నువ్వు ముందే అనుమానించావు, అందుకే నీ మనసు ఆమె గొంతు పెట్టి చెప్పింది అన్నారు. నేను అనుమానించలేదు. ఆమెని నేను మా అమ్మంత నమ్మాను. ఆ యాసలో, ఆ వరసలో, ఆ మాటలు నేను కల్పించుకోగలిగినవి కావు. పైగా కల్పించుకున్నవే అయితే ఆమె కుర్చీ పట్టుకుని అలా ఎందుకు నిలబడుతుంది? ఎందుకు వినిపించిందో, నాకే ఎందుకు వినిపించిందో, అంత కచ్చితంగా ముందే వినిపించీ మాకు ఏం లాభమో, ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.

మొన్నామధ్య వసుధక్క ఫోన్ చేసింది. మేము వచ్చేశాక అదే మొదటిసారి. ఆ పేరు చూసి ఎత్తకూడదనే అనుకున్నాను, ఎత్తాను. ఎట్లున్నవ్ అనలేదు. సాహితి గురించి అడగలేదు. కిరణ్‌కి జాబ్ దొరికిందా అని కూడా లేదు. గొంతు బాగా తగ్గించి, పక్కగదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు మాట్లాడింది.

"సుమా, ఒక్కటి చెప్పు. ఇప్పుడు గూడ ఇనవడుతుందా?"

ఇటు నా ముందు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. సాహితి హోంవర్క్ చేసుకుంటోంది. ఈ ఇంట్లో నాకు ఆమె గొంతు ఎప్పుడూ వినిపించలేదు. ఒక్క రోజు కూడా లేదు.

"వినిపిస్తుందక్కా," అన్నాను. "రోజూ."

అవతల ఆమె ఊపిరి మాత్రం తెలుస్తోంది. తర్వాత ఆమె ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ చేసి, లేదక్కా, ఊరికే అన్నాను అని చెప్పలేదు. చెప్పను కూడా.